కవ్వం సందుల్ల

చండూరు పాలకేంద్రంల నా కొలువు.
పొద్దుగాల వెన్న లెక్క, మాపటికి పులుపు లెక్క,
నడుమంత సీసాలు కడుగుడే.
కడారి ఈదమ్మ సల్లకు సీసాల్లేవు,
ఒక నల్లటి గురిగి, మీద కొబ్బరిచిప్ప మూత.
"గింత తోడియ్యి పెద్దమ్మా, పరీక్ష జేస్త" నంటె
"దీపం పెట్టినంక తోడియ్యరు బిడ్డా, తెల్లారి రా."
తెల్లారి పోయిన.

పలక మీద సన్నగ గీసి
వెచ్చని పెట్టెల రెండ్రోజులు పండబెట్టిన.
ఊదారంగు అద్ది అద్దం కింద సూస్తె
నాకు కనబడ్డది నూలు.
పుట్టపాకల మా నాయిన
రంగుల ముంచేముందు కట్టే చిటికి ముడులు,
పోగు మీద ముడి, ముడి పక్కన ముడి.

ఆమెను పిలిచి సూడుమన్న.
ఒక కన్ను మూసి, కొంగు నోట్ల పెట్టుకొని
శానసేపు ఊపిరి తియ్యలె.
"మంద" అన్నది.
"గొర్లు బారు గట్టినయి. గీ పొడుగుయి కట్టెలు.
మరి కాపరేడి?"

కాపరి లేడు పెద్దమ్మా.
కట్టె పాలసత్తువను ముక్కలు ఇరుస్తది,
గుండుది ఆ ముక్కలు మేస్తది.
గుండుది ఇడిసిన గాలితోటి కట్టె పెరుగుతది.
రెండూ కలిసి పులుపు కంచె నాటుతయి,
రోగప్పురుగు ఇవతలికి దుంకదు.

"జీతం లేని జీతగాళ్లు" అని నవ్వింది,
మల్ల నవ్వు ఆపి,
వాళ్లత్త ఈ తోడును మర్రిగూడ నుంచి తెచ్చిన కత చెప్పింది:
పెరుగుల ముంచి ఎండబెట్టిన గుడ్డపేలిక,
రైకముడిల పెట్టుకొని, రెండు పొద్దులు నడిచి.

నేను తీపి జిగురు కలిపి
సిటికెనవేలంత గొట్టంల పోసి గడ్డగట్టించిన.
పదిహేడో నంబరు.
ఈదమ్మ పేరు రాసే జాగ లేకుండె.

ఆ ఎండకాలం కడప కాడ కాలు జారింది.
ఏండ్లకేండ్లు ఆ బోరునీళ్లు తాగిన తుంటి,
ఎండిన కందికట్టె తీరు ఇరిగింది.
నల్లగొండ దవఖాన్ల ఇరవైరెండు రోజులు.
బర్రెను పక్కింటి సోమక్క పిండుకున్నది,
గురిగిని ఎవలు తలుస్తరు?
పచ్చగ బూజు లేస్తె
పాపం, సోమక్కనే సున్నం రాసి తోమి ఎండకు బోర్లేసింది.

వాకర్ పట్టుకొని ఇంటికొచ్చిన ఈదమ్మ
గోరువెచ్చని పాలల్ల
పచ్చిమిరప తొడిమలు ఏడు ఏసింది.
మూడోనాటికి పేరుకున్నది.
నాలుక మీద పెట్టి పక్కకు జరిపింది:
"ఇది ఎవలో. మనామె కాదు."

నాకు పదిహేడు యాదికొచ్చింది.
లేపిన. కొత్త పాలల్ల మూడుసార్లు మార్చిన.
అద్దం కింద మల్ల మంద, మల్ల కట్టెలు, ఏం తేడా లేదు.
గర్వంగ స్టీలు గిలాసల తీస్కపోయిన.

నాకింది. కండ్లు మూసింది.
"మనోళ్లే" అన్నది. "కానీ అందరు రాలె."

ఏం జెప్పాలె?
నా పలక మీద మొలిసినయే నేను దాసిన.
పలక తిండి నచ్చక మొలవనియి
ఎన్నో, ఏవో,
నాకు లెక్క తెల్వదు, రాసిన కాయితం లేదు.

ఈదమ్మ ఏం అనలె.
వాకర్ తోటి టకటక గోడదాక పోయి
దూలానికి ఏలాడే కవ్వం తీసింది.
తునికి కట్టె, నాలుగు రెక్కలు, నడుమ పగుళ్లు.
ఎన్నడు వేన్నీళ్లు పొయ్యలేదట దాని మీద,
వాళ్లత్త మాట.
నా గిలాసలది గురిగిల గుమ్మరించి
పాలు పోసి, కవ్వం నిలువుగ ముంచి
మీద గొంగడి కప్పింది.

"పో బిడ్డా, డ్యూటీకి యాల్లయితది.
మిగిలినోళ్లు ఆ సందుల్ల పండుకొని ఉంటరు.
ఐతారం రా."

ఐతారానికి ఇంక నాలుగు రోజులు.
కేంద్రంల సీసాలు కడుగుతున్న,
మసిలే నీళ్లతోటి,
రూలు ప్రకారం, ఒక్కటి మిగలకుండ.